గిద్దెడు పొడి, గంపెడు ధర

మొన్న సంక్రాంతికి మనవడు హైదరాబాదు నుంచి దిగాడు. కాళ్ళు కడుక్కోకుండానే వంటింట్లోకి దూరి "నానమ్మా, నా పొడి ఎక్కడ పెట్టను?" అన్నాడు. మా ఆవిడ పాపం కందిపొడి సీసా పక్కకు జరిపి అలమరలో చోటు చేసింది. తీరా వాడు సంచీలోంచి తీసింది చూస్తే పెయింటు డబ్బా అంత ఉంది. నల్లటి రంగు, బంగారు అక్షరాలు, మెడ అనేది కనపడని ఒక కండలవీరుడి బొమ్మ. అలమరలో ఎక్కడ పడుతుంది? ఫ్రిజ్జు నెత్తిన ఎక్కించాం. పండగ మూడు రోజులూ అక్కడినుంచే మమ్మల్ని చూస్తూ కూర్చుంది.

మా రోజుల్లో పొడి అంటే కందిపొడి. కాదంటే నల్లకారం, కరివేపాకు పొడి, మునగాకు పొడి. కందిపప్పు, శనగపప్పు, పెసరపప్పు దోరగా వేయించి ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు చేర్చి మా అమ్మ రోట్లో దంచుతుంటే వీధి చివరి దాకా వాసన వచ్చేది. అందులో ప్రొటీన్ ఉందని ఆవిడకు తెలీదు, మాకూ తెలీదు. "బలం" అనేవాళ్ళం. ఇది తింటే బలం, అది తింటే వాతం. పోషకాహార శాస్త్రం మొత్తం ఆ రెండు ముక్కల్లో అయిపోయేది.

"ఏముందిరా ఇందులో?" అన్నాను.

"ప్రొటీన్ తాతయ్యా."

"ఎంత?"

"స్కూపుకి ఇరవై ఐదు గ్రాములు."

"నేనడిగింది ఖరీదు."

"నాలుగువేల రెండొందలు. ఆఫర్లో. మా జిమ్ము ట్రైనర్ ఇప్పించాడు."

నేను ముప్పై ఏళ్ళ పైచిలుకు రాజమండ్రిలో ఒక పప్పుల మిల్లులో గుమాస్తాగా చేసినవాణ్ణి. డబ్బా చేతికిస్తే బొమ్మ చూడను, బరువు చూస్తాను. కళ్ళజోడు పెట్టుకుని వెనకవైపు చీమతలకాయ అక్షరాలు చదివాను. మొత్తం 2 కేజీలు. స్కూపుకు 33 గ్రాముల పొడి, అందులో 25 గ్రాముల ప్రొటీన్. అంటే డబ్బాకు 60 స్కూపులు, వెరసి 1,500 గ్రాముల ప్రొటీన్. 4,200 రూపాయల్ని 1,500తో భాగిస్తే గ్రాముకు 2 రూపాయల 80 పైసలు. ఇంత చిన్న భాగాహారం వాడు చేసుకోలేదు. బీటెక్ చదివాడు, నెలనెలా కంపెనీ లెక్కలు కంప్యూటర్లో వేస్తాడు, తన నోట్లోకి పోయేదాని లెక్క మాత్రం ట్రైనర్‌కి వదిలేశాడు.

మా కొట్టు ముందు ఒక నల్లపలక ఉండేది. కందిపప్పు, మినప్పప్పు, పెసరపప్పు, శనగపప్పు, పక్కన ధర. నేను చేరేనాటికి కేజీలొచ్చేసినా ముసలివాళ్ళు వీశ ఎంత అనే అడిగేవారు. వచ్చినవాడు ముందు పలక చూసేవాడు, తర్వాత గుప్పెడు పప్పు తీసి అరచేతిలో పరిచేవాడు, ఒక బద్ద కొరికేవాడు, ఊదేవాడు. అప్పుడు బేరం. అంతా అయ్యాక "మొగ్గు చూపించవయ్యా" అనేవాడు. ఇప్పుడు? మూత తియ్యకుండా కొంటున్నారు. మూత తీస్తే సగం డబ్బా గాలి. దాని అడుగున ఎక్కడో ఆ ప్లాస్టిక్ గరిటె కూరుకుపోయి ఉంటుంది. దాదాపు మా గిద్దంత. దాన్ని వెతకడానికి మనవడు మోచెయ్యి దాకా లోపలికి పెట్టాడు. నాకు తెలిసి ఆ డబ్బా వల్ల వాడు చేసిన మొదటి కసరత్తు అదే.

కసరత్తంటే గుర్తొచ్చింది. మా కుర్రతనంలో జిమ్ములేవీ? తాలింఖానా ఉండేది. రేకుల షెడ్డు, ఎర్రమట్టి గోదా, గోడమీద ఆంజనేయస్వామి పటం, రెండు గదలు, మూలన రాతి గుండ్లు. తెల్లారుజామున దండీలు, బస్కీలు తీసి, గోదావరిలో మునిగి ఇంటికొచ్చేవాళ్ళం. రాత్రి నానేసిన శనగలు ఒక గుప్పెడు, బెల్లం ముక్క ఒకటి. కలిగినింటి కుర్రాడైతే బాదంపప్పు నూరి కలిపిన పాలు. ఉత్తరాంధ్ర వైపు ఊళ్ళలో సంగిడి రాళ్ళు ఎత్తేవారు, చూడ్డానికి జాతరలా జనం పోగయ్యేవారు. ఆ వీరఘట్టం నుంచే కదా కోడి రామ్మూర్తి నాయుడు వచ్చింది! ఏనుగును గుండెలమీద ఎక్కించుకుని, ఇనప గొలుసులు తెంపి, కలియుగ భీముడనిపించుకున్నాడు. ఆయన మాంసం ముట్టేవాడు కాదని మా పెద్దలు చెప్పేవారు. విశాఖ బీచిలో విగ్రహముంది, చూడండి. ఆ వైపు శ్రీకాకుళం జిల్లా పిల్లే కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కేజీలెత్తి కంచు పతకం తెచ్చింది.

ఇదంతా చెబితే మనవడు ఆవలించాడు. సరే, ఒక మాట ఒప్పుకోవాలి. మా తాలింఖానాలో తెలివితక్కువ పనులూ ఉండేవి. పచ్చిగుడ్లు పగలగొట్టి గటగటా తాగేవాళ్ళు కొందరు, అదే మగతనం అన్నట్టు. పచ్చిగుడ్డులో ప్రొటీన్ సగమే వంటబడుతుందనీ, ఉడకబెట్టినదైతే తొంభై శాతం దాకా వంటబడుతుందనీ తర్వాతెప్పుడో బెల్జియం వాళ్ళు పరీక్షచేసి తేల్చారు. అంటే మావాళ్ళు మూడు దశాబ్దాలు సగం గుడ్డు ఖరీదు గోదాట్లో కలిపారన్నమాట.

పోనీ డబ్బా పొడి మాకు బొత్తిగా తెలీదా అంటే, తెలుసు. 1960ల్లో మా ఎలిమెంటరీ స్కూలుకు కేర్ సంస్థ తరఫున అమెరికా పాలపొడి వచ్చేది. పంతులుగారు వేణ్ణీళ్ళలో కలిపి పొయ్యమని చెబితే, ఆయా అటు తిరగ్గానే మేం చేతులు చాపి పొడే అడిగేవాళ్ళం. గుప్పెడు నోట్లో పోసుకుంటే అంగిట్లో అంటుకుపోయి గంటసేపు మాట వచ్చేది కాదు. ఒకటో ఎక్కం అప్పజెప్పమంటే అందరం మూగవాళ్ళమే. వెన్న తీసిన పాలపొడి అది, నూటికి 35 పాళ్ళు ప్రొటీన్. పైసా ఖర్చు లేదు. నా జన్మలో అంతకన్నా గిట్టుబాటైన ప్రొటీన్ పొడి నేను చూడలేదు.

ఆ తర్వాత ఇళ్ళల్లోకి హార్లిక్స్ సీసా వచ్చింది. మా ధవళేశ్వరంలోనే ఫ్యాక్టరీ పెట్టారు. జబ్బుచేసినవాళ్ళని చూడ్డానికి వెళితే చేతిలో ఆ సీసా ఉండాల్సిందే, ఖాళీ అయ్యాక అందులో ఆవకాయో, చింతపండో. అది బలం మందు అనే నమ్మాం. 2024లో వాళ్ళే "హెల్త్" అనే మాట తీసేసి వేరే పేరు పెట్టుకున్నారు. నలభై ఏళ్ళు సీసాలు మోసిన మాకు మాత్రం ఎవరూ సంజాయిషీ చెప్పలేదు.

సరే, ఈ నల్లడబ్బాలో ఉన్నదేమిటి? వే ప్రొటీన్ అంటాడు మనవడు. వే అంటే ఏమిట్రా అంటే చెప్పలేడు. నేనే తెలుసుకున్నాను. పాలు విరిగితే గడ్డ ఒకవైపు, పసుపుపచ్చటి నీళ్ళు ఒకవైపు అవుతాయి కదా, ఆ నీళ్ళు. అంతే! మా అమ్మ ఆ నీళ్ళు ఏ చారులోనో పోసేది, ఎక్కువైతే గేదె కుడితిలో పోసేది. చీజు చేసే దేశాల్లోనూ అంతే, పందులకు పోసేవారట, కాలవల్లోకి వదిలేసేవారట. పది లీటర్ల పాలకు కేజీ చీజు వస్తే తొమ్మిది పాళ్ళు ఈ నీళ్ళే మరి. తర్వాత ఎవడో తెలివైనవాడు వాటిని సన్నటి పొరల్లో వడగట్టి, వేడిగాలిలో చిమ్మి ఆరబెడితే పొడవుతుందని కనిపెట్టాడు. పాలల్లో ఉండే ప్రొటీన్లో అయిదో వంతు ఈ నీళ్ళలోనే ఉంటుంది. మంచి ప్రొటీనే, తొందరగా అరుగుతుంది, కండకు కావలసిన లూసిన్ దండిగా ఉంటుంది. దాన్ని నేను కాదనను. కానీ మా గేదె ఊరికే తాగినదాన్ని మా మనవడు వేలు పోసి తాగుతున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే నిద్ర పట్టదు.

ఆ డబ్బా కథ అక్కడితో ఆగలేదు. కనుమ నాటికి వాడికి కడుపుబ్బరం. మా ఆవిడ గారెల మీద నింద వెయ్యబోతే నేను ఒప్పుకోలేదు. మూత మీద గీకితే నంబరొస్తుంది, దాన్ని ఫోన్లో కొడితే అసలో నకిలీయో తెలుస్తుందన్నారట. వాడు అప్పుడు గీకాడు, అప్పుడు కొట్టాడు. ఆ నంబరు ఎవరో ముందే వాడేశారని వచ్చింది. చక్కగా అచ్చేసిన దొంగ డబ్బా. నోట్లో వేసుకుంటే చక్కెర, కోకో, అడుగున పిండి రుచి. ట్రైనర్‌ని అడిగితే "నాకూ అలాగే ఇచ్చారు బ్రో" అన్నాడట. నేను వేసిన 2 రూపాయల 80 పైసల లెక్క గంగపాలు. భాగాహారం తప్పు కాదు, భాజకమే దొంగది.

మా మిల్లు రోజుల్లో ఇదే దొంగతనం కేసరిపప్పుతో జరిగేది. కందిపప్పులో కేసరిపప్పు కలిపేవారు. అది ఎక్కువకాలం తింటే కాళ్ళు పడిపోతాయి, అందుకే 1961లో అమ్మకం నిషేధించారు. అయినా బస్తాల్లో వచ్చేది. కానీ మాకు కన్నుండేది. కందిబద్ద గుండ్రంగా ఉంటుంది, కేసరిబద్ద ఒకవైపు ఏటవాలుగా చెక్కినట్టుంటుంది. పళ్ళెంలో పోసి ఊపితే మా మేస్త్రీ పదింట తొమ్మిది ఏరేసేవాడు. ఈ పొడిని ఏ పళ్ళెంలో పోసి ఊపను? నీళ్ళలో కలిపి చూడండి, నిప్పుమీద వేసి చూడండి అని ఫోన్లలో చిట్కాలు చెబుతుంటారు, ఒక్కదాన్నీ నమ్మకండి. ల్యాబులో తప్ప తేలదు.

ల్యాబును కూడా బోల్తా కొట్టించే ఉపాయం ఉంది, వినండి. డెన్మార్క్‌లో ఒక బీరు కంపెనీవారి ప్రయోగశాలలో కెల్డాల్ అనే ఆయన 1883లో ఒక పద్ధతి కనిపెట్టాడు. తిండిలో నత్రజని ఎంతుందో కొలిచి, దాన్ని ఆరుంపావుతో హెచ్చవేస్తే ప్రొటీన్ ఎంతో వస్తుంది. ఇప్పటికీ లోకమంతా అదే లెక్క. దీన్లో చిక్కేమిటంటే, నత్రజని ఎక్కడినుంచి వచ్చిందో అది అడగదు. ఖరీదైన పాల ప్రొటీన్ తగ్గించి, చవకగా దొరికే గ్లైసీన్, టారిన్ లాంటివి కలిపితే నత్రజని సరిపోతుంది, కాగితం మీద ప్రొటీన్ పుష్కలంగా ఉంటుంది. 2008లో చైనాలో పాలలో మెలమిన్ కలిపింది ఇదే లెక్కను మోసం చెయ్యడానికి. మూడు లక్షలమంది పసిపిల్లలకు జబ్బుచేసింది, ఆరుగురు చనిపోయారు. కాబట్టి డబ్బా వెనక దినుసుల పట్టీలో గ్లైసీన్, టారిన్ అని విడిగా కనబడితే నేను కింద పెట్టేస్తాను. మిమ్మల్నీ అదే చెయ్యమంటాను.

మన దేశం సంగతా? 2024లో కేరళ డాక్టర్లు కొందరు ఇక్కడ అమ్మే 36 రకాల పొడులు పరీక్ష చేయించి వైద్యపత్రికలో అచ్చువేశారు. నూటికి దాదాపు 70 డబ్బాల్లో ప్రొటీన్ లెక్క తప్పు. కొన్నింట్లో రాసినదాంట్లో సగమే ఉంది. 14 శాతం డబ్బాల్లో అఫ్లటాక్సిన్ ఉంది, అంటే బూజు విషం. వేరుశనగ బస్తా చెమ్మపట్టి బూజెక్కితే మేం గేటు దాటనిచ్చేవాళ్ళం కాదు. ఇక్కడ బంగారు అక్షరాల డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు.

మనవడు అప్పటికి కొంచెం తగ్గాడు. "సరే తాతయ్యా, మంచిది నువ్వే చూసి చెప్పు" అన్నాడు. పన్నెండేళ్ళ తర్వాత నాకు మళ్ళీ గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నాలుగు రోజులు ఫోన్లో డబ్బాల వెనకభాగాలే చదివాను.

తెలుసుకున్నదేమంటే, కంటికి చవకగా కనబడేదే ఎక్కువ ఖరీదు. మాస్ గెయినర్ అని ఒకటుంది. 3 కేజీల బస్తా, 2,250 రూపాయలు. అబ్బో అనుకున్నాను. వెనక చదివితే నూరు గ్రాములకు ప్రొటీన్ 15 గ్రాములే, మిగతాదంతా మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి చక్కెర. మూడు కేజీల్లో ప్రొటీన్ 450 గ్రాములు, గ్రాముకు 5 రూపాయలు. మిల్లులో తవుడుకు బియ్యం ధర అడిగినట్టుంది. పేరున్న కంపెనీ చాక్లెట్ రుచి పొడి కేజీ 2,800, అందులో 750 గ్రాములు ప్రొటీన్ పడుతుంది, గ్రాము 3 రూపాయల 73 పైసలు. ఐసోలేట్ అని మరో రకం, నూటికి తొంభై దాకా ప్రొటీన్, పాలచక్కెర తీసేస్తారు, గ్రాము నాలుగు రూపాయల పైనే. పాలు పడనివాళ్ళకు అది అవసరం, కడుపు కుదురుగా ఉన్నవాడికి దండగ. అన్నింటిలోకీ గిట్టుబాటుగా తేలింది ఏ రుచీ, రంగూ, కండలవీరుడూ లేని ఉత్త వే కాన్సంట్రేట్. కేజీ 1,900, నూటికి 76 పాళ్ళు ప్రొటీన్, గ్రాము రెండున్నర. తెల్లకవరు, దినుసుల పట్టీలో ఒకే ఒక్క పేరు, బ్యాచి బ్యాచికీ ల్యాబు కాగితం. పట్టీలో మొదట రాసినదే అన్నిటికన్నా ఎక్కువ బరువున్నదని కూడా ఈ నాలుగు రోజుల్లోనే తెలిసింది. మొదటి పేరు చక్కెరో, సోయానో, మాల్టోడెక్స్‌ట్రినో అయితే ముందువైపు ఏం రాసినా చదవక్కర్లేదు. పద్నాలుగంకెల ఫుడ్ లైసెన్సు నంబరు, విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాడి పేరూ చిరునామా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంకో మాట, స్కూపుకు ఎంత అని ఎప్పుడూ అడక్కండి, నూరు గ్రాములకు ఎంత అని అడగండి. స్కూపు ఒక్కో కంపెనీది ఒక్కో సైజు. పూర్వం ఊరికో కుంచం ఉండేది, అందుకే సర్కారు కేజీ తెచ్చింది. వీళ్ళు మళ్ళీ కుంచాల రోజులకు తీసుకెళ్ళారు.

ఇక నా కడుపుమంట లెక్క. మా బజారు ధరలే వేస్తున్నాను. కందిపప్పు కేజీ 140, ప్రొటీన్ 210 గ్రాములు, గ్రాముకు 67 పైసలు. పుట్నాలు కేజీ 120, గ్రాముకు 60 పైసలు. వేరుశనగ గుళ్ళు కూడా అంతే. మీల్ మేకర్ కేజీ 180, నూటికి 52 పాళ్ళు ప్రొటీన్, గ్రాము 35 పైసలు! గుడ్డు 7 రూపాయలు, ఆరు గ్రాములు, గ్రాము రూపాయి పదిహేడు పైసలు. అనపర్తి కోళ్ళఫారాల పక్కన పుట్టి, గుడ్డు వదిలి డబ్బా కొనేవాణ్ణి ఏమనాలి?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు వచ్చింది. వాళ్ళు పిల్లల కోసం హైదరాబాద్ మిక్స్ అని ఒక పొడి తయారుచేశారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, వేరుశనగ గుళ్ళు 10, బెల్లం 20. ఈ 86 గ్రాముల్లో 11 గ్రాముల పైన ప్రొటీన్. ఇంట్లో మిక్సీలో వేసుకోవచ్చు, పది పన్నెండు రూపాయలు కాదు. దానికి డబ్బా లేదు, బొమ్మ లేదు, అందుకే పేరు లేదు. ఆ సంస్థే 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని రాసింది. ఇది దొరగ్గానే మనవడికి చదివి వినిపించాను, రెండుసార్లు.

వాడు మిల్లు గుమాస్తా మనవడు, ఊరుకుంటాడా? "తాతయ్యా, ఇరవై ఐదు గ్రాములు ప్రొటీన్ కావాలంటే నూట ఇరవై గ్రాముల కందిపప్పు తినాలి. నాలుగొందల కేలరీలు. వేరుశనగ గుళ్ళతో అయితే ఆరొందలు. స్కూపుతో నూట ఇరవై. నేను ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుంటాను, అరిగేదెక్కడ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మేం ముద్దపప్పు, నెయ్యి తిని బస్తాలు మోశాం. వాడు ఏం మోస్తాడు, ఆ లాప్‌టాపా? పైగా పప్పు ప్రొటీన్ పాలదానంత సులువుగా అరగదు, అన్నంతో కలిస్తేనే దాని లోటు తీరుతుంది. ఇక్కడొక్కచోట మాత్రం డబ్బాకు మార్కులు వెయ్యక తప్పలేదు.

మా రోజులు, మా రోజులు అని ఇంత గింజుకుంటున్నాను గానీ, ఆ రోజుల్లో కందిపొడీ నెయ్యీ ఎవరి కంచంలో పడేవి? మా నాన్నకు, మాకు. మా అమ్మ చివర తినేది. అడుగంటిన చారు, ఒక్కోసారి మజ్జిగనీళ్ళు, ఊరగాయ ముక్క. నలభై దాటకుండానే ఆవిడ నడుం వంగింది. వీధిలో పొట్ట ముందుకొచ్చి, కాళ్ళు ఉబ్బి, జుట్టు రాగిరంగైన పిల్లలు ఉండేవారు. అది ప్రొటీన్ లేక వచ్చే జబ్బని డాక్టర్లకు తెలుసు, మాకు మాత్రం అది దిష్టి. ఆ జబ్బు మీదే పనిచేసిన సంస్థ హైదరాబాద్ మిక్స్ ఎందుకు చేసిందో ఇప్పుడర్థమవుతోంది. అంగన్‌వాడీలో బాలామృతం పొట్లం తీసుకుని వెళ్ళే కోడళ్ళను చూస్తే నాకు మా అమ్మే గుర్తొస్తుంది.

అసలు సంగతి దాచి ఇంతసేపు మాట్లాడాను. నాకిప్పుడు డెబ్బై ఒకటి. పోయిన చైత్రంలో ఇరవై ఐదు కేజీల బియ్యం బస్తా గుమ్మం దాటించబోయి కూలబడ్డాను. ఒకప్పుడు క్వింటా బస్తా వీపునేసుకున్నవాణ్ణి. డాక్టరుగారు చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కమన్నారు, నొక్కాను. "ఇంతేనా?" అన్నారు. వయసుతో కండ కరిగిపోతుందట. మామూలువాళ్ళకు ఒంటి బరువు కేజీకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు, అరవై అయిదు కేజీల మనిషికి 54 గ్రాములు. పెద్దవయసులో కేజీకి గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా కావాలన్నారు. ముందు రక్తపరీక్ష చేయించి కిడ్నీలు బాగున్నాయని చూశాకే ఆ మాట చెప్పారు. ఆ పరీక్ష లేకుండా నాలాంటివాళ్ళెవరూ మొదలుపెట్టకండి.

నా బరువు 58. అంటే అరవై, డెబ్బై గ్రాములు. ఇంటికొచ్చి చిట్టా రాశాను. పొద్దున పెసరట్టు, 12 గ్రాములు. గుడ్డు, 6. మధ్యాహ్నం పప్పు, పెరుగు, అన్నం కలిపి 18 వేసుకున్నాను. రాత్రి రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు. ఎటు తిప్పినా నలభై ఐదు దాటలేదు. వేరుశనగలు, పుట్నాలు తినమన్నారు సరే, పళ్ళేవీ? కిందివి నాలుగు, పైవి డాక్టరువి. మీల్ మేకర్ కూర రెండు రోజులు తిన్నాను, మూడో రోజు మా ఆవిడ వండనంది.

ఆ తెల్లకవరు పొడి రెండు కేజీలు తెప్పించాం. ఒకటి మనవడు పట్టుకెళ్ళాడు. రెండోది మా అలమరలో కందిపొడి పక్కన పట్టింది. పాత సీసాలో పోసి, మీద కాగితం అంటించి మా ఆవిడ "విరుగుడు పొడి" అని రాసింది. రోజూ సాయంత్రం త్రాసులో తూచి 25 గ్రాములు మజ్జిగలో కలిపి, కాస్త ఉప్పు, అల్లం, కరివేపాకు వేసుకుని తాగుతున్నాను. మనవడు ఫోన్లో చూసి నవ్వాడు, నవ్వనీ. అందులో 19 గ్రాముల ప్రొటీన్, 47 రూపాయల 50 పైసలు. చిట్టా 64కు చేరింది. బస్తా జోలికి ఇంకా వెళ్ళలేదు గానీ, బావిలోంచి రెండు చేదలు తోడగలుగుతున్నాను.

ఈ పొడులు అమ్మే కంపెనీలవారికి ఒక మనవి. కొన్నేళ్ళ కిందట ప్యాకెట్ల మీద గ్రాముకు ఎంతో, కేజీకి ఎంతో ధర వెయ్యాలని చట్టం వచ్చింది, మీరూ వేస్తున్నారు. అది పొడి ధర. మాకు కావలసింది ప్రొటీన్ ధర. ఆ కండలవీరుణ్ణి కొంచెం పక్కకు జరిపి, మా కొట్టు పలక మీద రాసినట్టు, డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో గ్రాము ప్రొటీన్ ఎన్ని రూపాయలో రాయండి. కళ్ళజోడు లేకుండా కనబడాలి.